సద్దు చేయని టైర్లు

హరినాథ్ తిరుపతిలో ఆదిమూలం టైర్ల షాపుకు వచ్చేసరికి, తనకు కావలసిన టైరును ఇంకొకాయన ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

నిజంగా ఒళ్ళోనే. బొటనవేలితో దాన్ని అక్కడా ఇక్కడా నొక్కి చూస్తున్నాడు.

సద్దు రాదు కదా అని అడిగాడు. రాదన్నాడు ఆదిమూలం. కుదుపు తెలీదు కదా అన్నాడు. తెలీదన్నాడు ఆదిమూలం. ఆయన మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.

పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు కదరా దేవుడా అనుకున్నాడు హరినాథ్.

హరినాథ్‌ది చిత్తూరు. ఉన్నది చిన్న కారు, దానికి అరిగి అరిగి రాయిలా బిగుసుకుపోయిన టైర్లు. భార్య భానుప్రియకు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకుండా చూసుకోమని తిరుపతి డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ డాక్టరమ్మకు చూపించుకోవాలన్నా చిత్తూరు నుంచి కారులో రావాల్సిందే. గుంత వచ్చిన ప్రతిసారీ భానుప్రియ రెండు చేతులతో పొట్ట పట్టుకునేది. స్టీరింగు దగ్గర హరినాథ్‌కు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆదిమూలం ఉన్న మాట చెప్పేశాడు. ఈ సైజులో గట్టి రకం ఎన్ని కావాలన్నా ఉన్నాయి. చాలాకాలం వస్తాయి కానీ రోడ్డు మీద ఒకటే రొద, గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది. మెత్త రకం ఒక్క సెట్టే ఉంది. అది ఈ ధనశేఖర్ సారు ముందే చెప్పి పెట్టుకున్నది. చెన్నై నుంచి మళ్ళీ రావాలంటే నెల పడుతుంది.

ధనశేఖర్ పక్కనే బల్ల మీద ఆయన భార్య కూర్చుని ఉంది. తల మీది కొంగు జారింది. నున్నటి గుండు.

తిరుపతిలో గుండును రెండోసారి ఎవరు చూస్తారు? హరినాథ్‌కు మాత్రం ఆశ పుట్టింది. మొక్కు తీర్చుకొని అప్పుడే కొండ దిగినవాళ్ళు కాదనరు, అడిగేదేదో ఇప్పుడే అడగాలి అనుకున్నాడు.

"దర్శనం బాగా అయ్యిందా అక్కా?"

ఆమె మొగుడి వైపు చూసి నవ్వి ఊరుకుంది.

"మా ఇంటామె కడుపుతో ఉండాది. లడ్డూ ఉంటే రవ్వంత ఇయ్యక్కా."

ఆమె సంచి అంతా వెతికి, ఒక బత్తాయి తీసి అతని చేతిలో పెట్టింది.

గుండు చేయించుకొని వస్తూ లడ్డూ లేకుండా ఎవరైనా వస్తారా? దాచుకుంటోంది, భలే పిసినారి అనుకున్నాడు హరినాథ్. అయినా బత్తాయి జేబులో వేసుకొని అసలు సంగతి ఎత్తుకున్నాడు. పోయిన రెండు కడుపుల గురించి, దారిలో గుంతల గురించి, డాక్టరమ్మ మాట గురించి ఏదీ దాచకుండా చెప్పుకొచ్చి, ఆ సెట్టు తనకు వదిలెయ్యమని బతిమాలాడు.

ధనశేఖర్ టైరును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. కుదరదన్నాడు.

హరినాథ్‌కు ఒళ్ళు మండింది. "మీకేమి అన్నా, సద్దు లేకుండా పాటలు వినేదానికి కావాల. నాకు బిడ్డ కోసం కావాల."

ధనశేఖర్ మొహం నల్లబడింది. ఏదో అనబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇచ్చేయండి. మనకు ఆ గట్టివే వెయ్యమనండి."

"వద్దు నాగవేణీ. నువ్వు..."

"నేను చెప్తా ఉండాను కదా."

ఆయన టైరును మెల్లగా కింద పెట్టి, షాపు బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అలిగాడనుకున్నాడు హరినాథ్. అలిగితే అలిగాడు, టైర్లు దక్కాయి. చేతులెత్తి ఆమెకు దండం పెట్టాడు.

"బిడ్డ పుట్టినాక చెప్పు నాయనా," అంది ఆమె.

టైర్లు మంచివే. రొద లేదు, కుదుపు లేదు. వెనక సీట్లో భానుప్రియ చిత్తూరు దాటగానే నిద్రపోయేది. అలా వస్తూ పోతూ నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా, గట్టి గొంతుతో.

ఉయ్యాల వేసే రోజు దగ్గరపడింది. బిడ్డను మొదట ఉయ్యాల్లో పడుకోబెట్టేది ఆ అక్కేనని భానుప్రియ పట్టుబట్టింది. హరినాథ్ ఆదిమూలాన్ని అడిగి ఇల్లు తెలుసుకొని, పూలు పండ్లు తీసుకొని చంద్రగిరి పోయాడు.

ధనశేఖర్ తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు.

ఆడబిడ్డ పుట్టిందని, అక్కను పిలవడానికి వచ్చానని హరినాథ్ సంబరంగా చెప్పాడు. ధనశేఖర్ అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

"మీ అక్క చనిపోయిందప్పా. రెండు నెలలవతా ఉండాది."

హరినాథ్ చూపు తనంతట తానే వాకిట్లో ఉన్న కారు మీదికి, దాని టైర్ల మీదికి పోయింది. అవి తాను పోట్లాడి వాళ్ళకు అంటగట్టిన టైర్లు. రోడ్డు మీద జారిందా? పేలిందా?

"అన్నా... ఆ టైర్ల వల్లనా?"

యాక్సిడెంటు కాదన్నాడు ధనశేఖర్.

హరినాథ్‌కు ఊపిరి వచ్చింది కానీ, ఏమీ అర్థం కాలేదు. "మరి ఆ పొద్దు నిక్షేపంగా కొండకు పోయొచ్చి గుండుతో కూర్చోనుండె కదన్నా?"

"కొండకు యాడ పోయిందప్పా," అన్నాడు ధనశేఖర్, "వేలూరులో క్యాన్సరుకు పెట్టిన మందులకు జుట్టు రాలిపోయింది, దారిలో రవ్వంత కుదిపినా ఎముకలు నొచ్చి ఏడస్తా ఉండేదని ఆ టైర్లు ఆమె కోసమే చెప్పి పెట్టినాను."