పన్నెండు ఎద్దుల తొట్టి

“ఎద్దులా? తొట్టి కింద ఎద్దులా తాయీ?”

“అవును తాతా, పన్నెండు. బొమ్మ ఎద్దులు. వాటి వీపుల మీద పెద్ద తొట్టి. అందులో ముంచే జ్ఞానస్నానం ఇస్తారంట.”

ఉపదేశి మారియప్పన్ కళ్ళు మూసుకుని ఆ తొట్టిని ఊహించుకున్నారు. భార్య పొన్నమ్మాళ్‌ను మట్టి చేసి నెల తిరగలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కోవిల్‌పట్టి మిషన్ బడి వరండాలోకి వచ్చి కూలబడుతున్నారు. టీచరమ్మ పాపమ్మాళ్, ఆయన మనసు మళ్ళించాలని, దొరసాని వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకమొకటి తీసి తెలుగులో చెబుతోంది. ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో మార్మన్లనే జనం, ఎద్దులు కొనే స్తోమత లేక, సామానంతా చేతిబండ్ల మీద వేసి లాక్కుంటూ ఉప్పు సరస్సు దాకా నడిచిన కథ. ఆ ఎద్దుల తొట్టి వాళ్ళు అక్కడ కట్టుకున్న గుడిలోది. దారిలో మంచుకు ఎందరో పోయారు.

“నడిచీ నడిచీ అలిసిపోయినోళ్ళు. నాకు తెలుసు ఆ అలుపు,” అన్నారాయన.

తెలియకేం! కరిసల్ నల్లరేగడి నేలల్లో పల్లె పల్లెకూ ముప్పై ఏళ్ళు కాలినడకన తిరిగి, మూడు వందల మందికి ప్రార్థనలు నేర్పి, చేయి పట్టుకుని స్నానానికి తెచ్చింది ఆయనే. స్నానమప్పుడు చాలామంది కొత్త పేర్లు పెట్టుకున్నా ఆయన పాత పేరుతోనే ఉండిపోయారు. ఎంత అణకువ అని ఊరు మెచ్చుకునేది.

“మీ ఊళ్ళో స్నానాలు ఎట్ల జరిగినాయి తాతా? ఏటిలోనా?”

“ఏరెక్కడ ఉండాది తాయీ? అది కరువు ఏడాది. బావి నీళ్ళతో తొట్టి నింపితిమి. పొద్దు పొడిచినప్పటినుంచి మోట తోలింది నేనే. పొన్నమ్మ మునిగింది. ఊరంతా మునిగింది. కడపటికి మోట బానలో బురదే వచ్చింది. పాదిరి దొర ఇంగో ఊరికి పోవాలని బండెక్కినారు.” ఆయనకు దగ్గు తెర వచ్చింది. “సరి, నువ్వు చదువు.”

“ఇది వినండి. స్నానం కాకుండానే పోయినవాళ్ళ కోసం, బతికుండేవాళ్ళు ఆ పేరు చెప్పి తొట్టిలో మునుగుతారంట. అప్పుడు పోయినవాళ్ళకూ పరలోకం తలుపు తెరుచుకుంటుందంట.”

ఆయన నిటారుగా కూర్చున్నారు. “నిజంగానా?”

“అది వాళ్ళ నమ్మకం. మన గుడిలో ఒప్పుకోరు తాతా.”

“ఒప్పుకోకపోతే పోనీ. నాకొకరు ఉండారు తాయీ. స్నానం కాలేదు. పొన్నమ్మ ఉండే చోటికి చేరాల. ఆ ఊరికి ఒక కాగిదం రాసిపెడతావా?”

పాపమ్మాళ్‌కు జాలేసింది. ఆయన తల్లి కడదాకా పాత దేవుళ్ళకే మొక్కిందని విని ఉంది.

“బతికుండంగానే అడగాల్సింది కదా తాతా?”

“సిగ్గు తాయీ. అడిగే పొద్దు ఎప్పుడో దాటిపోయె.”

ఆమె కాగితం పరిచి కలం సిరాలో ముంచింది. “పోయిన తేదీ చెప్పండి.”

“అది ఖాళీగా విడువు. వెనకాల నువ్వే రాసి పంపు.”

ఆ కాలపు చావులకు తేదీలు ఎవరికి గుర్తుంటాయిలే అనుకుంది.

“పేరు?”

“నా పేరే రాయి తాయీ.”