తొలి మోపు

బోనాల నాడు బస్తీ అంతా లాల్‌దర్వాజ గుడి బాట పట్టాక, బాలనర్సింహ గడ్డిమడిని నాశనం చేయాలని ప్రేమ్‌రాజ్ నిశ్చయించుకున్నాడు.

మడి అంటే అఫ్జల్‌గంజ్ దిగువన, మూసీ పక్కన ఎకరం చిత్తడి నేల. నడి ఎండాకాలంలోనూ అడుగు వేస్తే మడమ దిగబడుతుంది. అలాంటి నేలలో పారాగడ్డి ఒకసారి పట్టుకుందంటే కోసినకొద్దీ ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. నిరుడు వరద వచ్చి పాత గడ్డి మీద ఒండ్రు కప్పి పోయింది. అప్పటినుంచి ఖాళీ.

నేల లక్ష్మీకాంతమ్మది. ఆవిడ ఇద్దరినీ నిలబెట్టి ఒకటే మాట చెప్పింది.

"దసరాకు నా నేల పచ్చగ కనబడాలె. కనబడితె కౌలు బాలనర్సింహదే. లేకుంటె ప్రేమ్‌రాజ్‌ది."

ప్రేమ్‌రాజ్ రెండేళ్ల కిందటిదాకా లాడ్ బజార్‌లో గాజులమ్మినవాడు. ఇప్పుడు రోడ్డుకు అవతల కొట్టం కట్టి ఇరవై బర్రెల పాలు అమ్ముతున్నాడు. గడ్డి గురించి అతనికి తెలిసిందల్లా మోపు ధర. మడి చేతికొస్తే ఆ ధర తానే చెప్పొచ్చు. బాలనర్సింహకు మాత్రం గడ్డి కోసి అమ్మడం తప్ప వేరే బతుకు లేదు.

బోనాల ముందురోజు బాలనర్సింహ చాయ్ హోటల్లో, రుక్మాబాయి గల్లా పక్కన కూలబడ్డాడు.

"ఏంది తమ్మీ, మొఖం గట్ల ఏలాడేసినవ్?" అంది రుక్మాబాయి.

"ఏం జెప్పాలె అక్కా! గడ్డికాడలు ముక్కలు కోసి మడి నిండ పరిచిన. రెండు దినాలు ఎవ్వలు ముట్టకుంటె బతుకుత. బర్రెలు గిట్ల దిగినయా, నా పని ఖతం."

"మరి కావలుండరాదు?"

"రేపు బోనాలాయె. ఇంటిది బోనమెత్తుతది. పోకుంటె ఊకుంటదా?"

కళ్లు తుడుచుకున్నాడు. వెనక బల్ల మీద ప్రేమ్‌రాజ్ సాసర్లో చాయ్ ఊదుకుంటూ అంతా విన్నాడు. అడక్కుండానే అమ్మవారు వరమిచ్చినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం, దూరంగా డప్పులు మోగుతుంటే, ఇరవై బర్రెలనూ మడిలోకి తోలాడు. ముదురు కాడలు, బర్రెలు మూతి కూడా పెట్టలేదు. కానీ బురద చూస్తే బర్రె ఆగుతుందా? కొత్తల్లుళ్లలా ఊరేగాయి. పడుకోబోయినవాటిని కట్టెతో లేపి, ఏ మూలా వదలకుండా తిప్పాడు. పొద్దు వాలేసరికి పైన ఒక్క కాడ లేదు. అంతా బురదలో కలిసిపోయింది.

బాలనర్సింహ ఠాణాకు పోలేదు. లొల్లి పెట్టలేదు. ఎదురుపడితే దండం పెట్టి తప్పుకున్నాడు. దెబ్బ గట్టిగానే తాకిందని ప్రేమ్‌రాజ్ మురిసిపోయాడు. అనుమానం తన మీదికి రాకూడదని, మళ్లీ ఆ మడి వైపు కన్నెత్తి చూడలేదు.

దసరా సాయంత్రం కొత్త చొక్కా తొడుక్కుని, మిఠాయి డబ్బాతో ఒడ్డు దిగాడు. డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

నడుమెత్తు గడ్డి. చెయ్యి దూర్చే సందు లేదు. గట్టు మీద లక్ష్మీకాంతమ్మ కళ్లజోడు సవరించుకుంటోంది.

"మస్తు నాటించినవురా బాలనర్సింహా! వరద రాకముందటికంటె చిక్కగుంది."

బాలనర్సింహ నెత్తి మీది పచ్చి మోపును తెచ్చి ప్రేమ్‌రాజ్ కాళ్ల ముందు దించాడు. చేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

"తొలి మోపు నీ బర్రెలకే అన్నా."

పండుగ కదా, అలాయ్ బలాయ్ అంటూ గట్టిగా కౌగిలించుకుని, చెవిలో మెల్లగా అన్నాడు:

"కాడలు పరిచి బర్రెలతోని బురదల తొక్కిచ్చుడే ఈ గడ్డికి నాటు. చాంద్రాయణగుట్ట దాక తిరిగినా బర్రెలు దొరకలే, నిన్నడిగితె ఇయ్యవాయె. అందుకే హోటల్ల నీకు ఇనపడేటట్టు ఏడ్చిన."