అడ్డం లేని రోజు

చిప్పు, యాంటెన్నా ఒకే ముక్కలో ఇమిడిన ఆ ట్రాన్స్‌మిటర్ వేలిగోరంత ఉంది. మహబూబాబాద్‌లో ఇంటి నుంచే పనిచేసే ఉమారాణి దాన్ని పరీక్షించడానికి కిటికీలో పెట్టి, రిసీవర్‌ను ఎదుటి గోడ దగ్గర ఉంచింది. మధ్యలోకి మనిషి వస్తే చాలు, ల్యాప్‌టాప్ మీద సిగ్నల్ చూపే గీత కిందికి పడిపోతుంది.

పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు.

"ఇయ్యాల మంచిగ పనిచేస్తున్నదా బిడ్డా?" అడిగింది అత్త చిలుకమ్మ.

"చేస్తున్నది అత్తమ్మా. అడ్డం ఎవ్వరు రాలే."

చిలుకమ్మ గోడ పట్టుకుని మెల్లగా నడిచి, టీవీ ముందరి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

గీత పడిపోయింది.

"నా కొడుకు బతికున్నప్పుడు గీడ కూసుంటే గిట్లనే పడేదా?"

"గిట్లనే."

"లెవ్వమని లొల్లి పెట్టేదానివి."

ఉమారాణి తెర మీంచి చూపు తిప్పలేదు.

"జరసేపు గట్లనే కూసో అత్తమ్మా."