సందు చివరి బెల్లు

అంజనమ్మ మొగుడు తాగడు, పేకాడడు. టంకం వేస్తాడు.

"తాగినా బాగుండు. పొద్దుటికి దిగుతుంది," అంటుంది ఆమె.

జయరాముడు తాలూకాఫీసు గుమాస్తా. ఇంటికి రాగానే చొక్కా విప్పకముందే సాల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెడతాడు. ఆయన బాగుచేసిన రేడియోలో వార్తలు వినాలంటే ఇంట్లో ఒకరు ఏరియల్ తీగ పట్టుకుని నిలబడాలి. ఆ ఒకరు ఎప్పుడూ అంజనమ్మే.

ఎనభైమూడులో చేసిన బెల్లుకు మాత్రం ఆమె కూడా వంక పెట్టలేకపోయింది.

ఆ ఏడు అనంతపురంలో చినుకు లేదు. వీధికొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎంతసేపుంటాయో దేవుడికే తెలియాలి. పైగా కూతురు పురిటికొచ్చింది. అంజనమ్మ పొయ్యి ముందు కూర్చున్నా చెవులు మాత్రం సందు చివర కొళాయి దగ్గరే.

"నీ చెవుల పని నా సర్క్యూట్ చేస్తాది, నువ్వు నిమ్మళంగా వండుకో," అన్నాడు జయరాముడు.

కొళాయి కింద, అడుగున సన్నని చిల్లు పెట్టిన చిన్న రేకు డబ్బా కట్టాడు. అందులోకి రెండు రాగితీగలు దించి, ఇంటిదాకా లాగాడు. డబ్బాలో నీళ్లు పడి రెండు మొనలూ తడిస్తే ఇంట్లో బెల్లు మోగాలి.

మోగింది. సందు సందంతా బిందెలతో లేచింది.

మొదట్లో నీళ్లు ఆగేదాకా మోగేది. రానురాను తెలివి మీరి, అంజనమ్మ సందు మలుపు తిరిగేసరికి దానంతటదే ఆగడం నేర్చుకుంది.

"అట్ల ఆగేదానికి ఏం పెట్టినారండీ?" అడిగింది అంజనమ్మ.

"నీకు చెప్పినా అర్థం కాదులే," అన్నాడు జయరాముడు. ఏం పెట్టాడో ఆయనకూ తెలియదు. అయినా మెప్పును కాదనలేదు.

కొళాయి పక్క బండ మీద ఒక ముసలామె ఉండేది. ఉరవకొండ దిక్కు పల్లె నుంచి కరువుకు వచ్చిందట. పేరు అంజనమ్మ ఎప్పుడూ అడగలేదు. అందరి బిందెలూ నిండాక, ఇంకా ధార ఉంటే, తన కుండ పట్టుకునేది.

బిడ్డ పుట్టాక ఒకనాడు పొద్దున్నే బెల్లు మోగింది. అంజనమ్మ బిడ్డకు నీళ్లు పోస్తూ కదల్లేకపోయింది. బెల్లు ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగి, తొందరపెట్టినట్టు మోగింది.

జయరాముడికి అనుమానమొచ్చి కొళాయి దాకా పోయాడు. వెనకే బిందెతో అంజనమ్మ.

ముసలామె రెండు తీగలూ వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని ఉంది.

"ఏయ్! ఏం చేస్తాండావ్ ఆడ?"

"నేను పట్టుకోకుంటే మీ ఇంటికి నీళ్లెట్లొస్తాయి సామీ?"

"ఓహో! నువ్వు పట్టుకుంటే నీళ్లొస్తాయా? గంగమ్మతల్లివా ఏమి?"

బిందెలవాళ్లు నవ్వారు.

"అది గాదు సామీ. తలుపు కొడదామంటే పురుటిల్లు. పొద్దుపొద్దున్నే నా అట్లాంటి ముండమోపిదాని మొగం..."

"చాల్లేమ్మా! రాగి పీక్కొని అమ్ముకోవల్లని చూస్తాండావ్. ఇంకొకసారి ఈడ కనపడితే మర్యాదుండదు."

"పోనీండి, ముసలామె," అంది అంజనమ్మ. అంతకు మించి అనలేదు. అప్పటికి ఆమె బిందె నిండుతోంది.

ముసలామె ఖాళీ కుండ చంకనేసుకుని పోయింది.

ఆ తర్వాత బెల్లు మోగలేదు.

నీళ్లు వచ్చాయి, పోయాయి. పక్కింటి కదిరమ్మ అదృష్టం కొద్దీ పట్టుకున్న బిందెలోంచి ఒక చెంబు ఇస్తే బిడ్డకు ఒళ్లు తుడిచారు. గుడ్డలు మూలన కుప్పపడ్డాయి.

"ఆ ముసల్ది ఏదో చేసి పోయింది," అన్నాడు జయరాముడు.

ట్రాన్సిస్టర్ మార్చాడు. బ్యాటరీ మార్చాడు. వేసిన టంకమంతా ఊడదీసి మళ్లీ వేశాడు. బల్ల మీద తీగలు కలిపితే గణగణ మోగుతుంది. కొళాయికి తగిలిస్తే మూగనోము.

"బల్ల మీద మోగి ఏం లాభమండీ? నీళ్లు బల్ల మీదికి రావు గదా," అని అంజనమ్మ బిందె తీసుకుని తానే పోయి ఆ బండ మీద కూర్చుంది.

కూర్చుంది, లేచింది, కొళాయికి చెవి ఆనించింది, మళ్లీ కూర్చుంది. ఎండ నెత్తికెక్కాక కొళాయి బుస్సుమంది. ధార పడింది. డబ్బా నిండి పొర్లింది. తీగల మొనలు నీళ్లలో మునిగాయి.

ఇంట్లోంచి చప్పుడు లేదు.

అంజనమ్మ డబ్బా వైపు చూసింది. చెయ్యి చాపి, నీళ్లకు పైనున్న తీగలు రెండూ వేళ్ల మధ్య నొక్కింది.

బెల్లు మోగింది. జయరాముడు పరుగెత్తుకొచ్చాడు.

"మోగింది! చూసినావా? నేను చెప్పలే?"

ఆమె వేళ్లు తీసింది. బెల్లు ఆగింది. మళ్లీ నొక్కింది. మోగింది.

జయరాముడి మొహంలో నవ్వు ఆరిపోయింది. నీళ్లలోని మొనలు పైకి తీశాడు. పచ్చటి చిలుము, దానిమీద తెల్లగా ఉప్పు. గోటితో గీకినా రాలలేదు.

"ఇది నిన్న మొన్నటిది గాదు. బిడ్డ పుట్టకముందే పట్టినట్టుండాది."

"మరి ఇన్నాళ్లూ ఎట్ల మోగినట్టు?"

ఆయన ఖాళీ బండ వైపు చూశాడు.

"ఈడ ముసలామె ఉన్నింది కదా కదిరమ్మా, యాడుండాది?" బిందె పెట్టడానికొచ్చిన కదిరమ్మను అడిగింది అంజనమ్మ.

"బయమ్మనా? కూలికని మొన్ననే బళ్లారి లారీ ఎక్కి పాయ."

తప్పు నాది అనే మాట జయరాముడి నోట వినాలని పెళ్లయిన నాటి నుంచి అంజనమ్మ కాచుకునుంది. తీరా విన్ననాడు ఆమెకు నవ్వు రాలేదు.

"తప్పు నాదే అంజనా," అన్నాడాయన, కొళాయి దగ్గర అందరూ వినేటట్టు. "నా బెల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఇన్నాళ్లూ మోగింది బయమ్మ."