సూది వేసిన బర్రె పాలు

మూసీ పొంగి కిషన్‌బాగ్ కొట్టాల్లో మోకాటిలోతు నీళ్లు నిలిచిన ఏడాది.

బురదలో నిలబడి నిలబడి బాలనర్సింహ బర్రెలకు పొదుగువాపు పట్టుకుంది. ఒకటి తేరుకునేలోపు ఇంకొకటి పడేది. దుకాణం నుంచి సూదిమందు తెచ్చి తనే పొడిచేవాడు.

ఒక పొద్దున ఎవరో ముసలాయన క్యాను పట్టుకొని వచ్చాడు.

"సూది ఏ బర్రెకు వేసినవ్?"

"గా మూలకున్నదానికి. ఏం సార్?"

"దాని ఒంట్లకెళ్లి మందు దిగేదాక పాలన్నీ నాకే పొయ్యి. ఇంకెవ్వరికీ వద్దు. పసిపిల్లలు తాగుతరు. రోజింత మందు కడుపులకు పోతే, రేపు రోగమొచ్చిననాడు గదే మందు పనిచెయ్యది."

ఆయన పోయాక పక్క కొట్టం మురళి నవ్వాడు.

"మంచి పాలిడిసిపెట్టి జబ్బు పాలు కొనేటోణ్ని ఇయ్యాలే చూస్తున్ననే అన్నా."

బాలనర్సింహకు మనసొప్పలేదు. అంత పెద్దమనిషికి జబ్బు బర్రె పాలు పోస్తే పాపం తగలదా?

మూలబర్రె పాలు వాడుక ఇళ్ల క్యానులో కలిపేశాడు. ముసలాయనకు మంచి బర్రె పాలు పోశాడు.

ఏడాది పొడుగునా అంతే. సూది బర్రెదేనా అని ఆయన అడగడం, అవునని ఇతను తలూపడం.

ఉన్నట్టుండి ఆయన రావడం మానేశాడు. వారం చూసి, పాలు పట్టుకొని ఇల్లు వెతుక్కుంటూ పోయాడు బాలనర్సింహ.

గోడమీద ముసలాయన ఫోటోకు దండ వేసి ఉంది; కింద విఠల్‌రావు అని పేరు రాసి ఉంది.

"కాలికి పుండయింది నాయనా. ఎన్ని మందులు మార్చినా ఒక్కటీ పట్టలేదు," అంది ఆయన భార్య సూర్యప్రభ.

"సార్‌కు నేను మంచి పాలే పోసిన అమ్మా. సూది పాలు ఒక్కనాడూ పొయ్యలె."

సూర్యప్రభ అతని చేతిలోని పాలకేసి చూసింది.

"ఆయన తాగుతాడనుకున్నవా? తెచ్చినవి తెచ్చినట్టు మోరీలో పారబోసేవాడు."

బాలనర్సింహ తెచ్చిన పాలు కింద పెట్టాడు.

"అంజన్న కొడుకువే కదా నువ్వు? ఈయనెవరో మీ బాపును అడుగు."

ఆ రాత్రి బాపును అడిగాడు. మరునాడు పొద్దున అతను ఖాళీ చేతులతో వాడుక ఇళ్లన్నీ తిరిగాడు. ఏడాదిగా పోసినవాటిలో సూది పాలు కలిశాయని గడపగడపకూ చెప్పాడు.

"ఇన్నొద్దులకు గీ బుద్ధి ఎవరు చెప్పిండ్రయ్యా?" అంది లీలమ్మ, మనవణ్ని చంకనేసుకొని.

"పశువుల దవాఖాన కంపౌండర్ సార్," అన్నాడు బాలనర్సింహ. "డాక్టర్‌తోని పనేంది, మీరే పొడుచుకోండ్రని మొదాలు మా బాపు చేతికి సూదిచ్చినాయన."