ఇరవై నాలుగడుగుల ట్రైలర్

"లోపలికి తేమ వస్తుందా?" అని అడిగింది శకుంతల, కార్లు ఎక్కించి లాక్కెళ్ళే ట్రైలర్ గోడను వేళ్ళతో తట్టి చూస్తూ.

"రాదు ఆంటీ. పైకప్పు మొత్తం ఒకటే రేకు, ఎక్కడా అతుకు లేదు. తలుపు వేస్తే వాన గానీ, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు గానీ కారుని తాకదు" అన్నాడు సేల్స్‌మన్ నిశాంత్. నలభై ఏళ్ళవాడు. గుంటూరు నుంచి వచ్చి పదేళ్ళుగా ఆ యార్డులో ట్రైలర్లు అమ్ముతున్నాడు.

భీమారావు భార్య వైపు ఆశ్చర్యంగా చూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె తన కార్ల గురించి ఒక్క ప్రశ్న వేసిన గుర్తు లేదతనికి.

కెనడాలో రిచ్‌మండ్ హిల్‌లోని వాళ్ళింటి గరాజ్‌లో రెండు పాత కార్లున్నాయి. 1957 నాటి షెవర్లే, 1949 నాటి మోరిస్ మైనర్. ఇంజినీరుగా రిటైరయ్యాక అతని లోకమంతా అవే. ఎగ్జిబిషన్లకు వాటిని నడుపుకుంటూ వెళ్ళి, దారిలో రాయి తగిలిందని రాత్రంతా బాధపడేవాడు. పోయిన నెల శకుంతలే అంది, "మూసి ఉండే ట్రైలర్ ఒకటి కొంటాను, నా డబ్బుతోనే" అని.

"ఇరవై అడుగులది చాలు అంకుల్, మీ షెవర్లే పదిహేడడుగులే" అన్నాడు నిశాంత్.

"ఇరవై నాలుగుది చూపించండి" అంది శకుంతల.

"అంత ఎందుకే?"

"తీరా ఎక్కించాక చాల్లేదంటే ఎట్లా?"

భీమారావు పెద్ద ట్రైలర్ లోపలికెక్కి, నేలలో బిగించిన ఇనుప రింగులను ఒక్కొక్కటే లాగి చూశాడు. పక్క గోడలో ఉన్న చిన్న తలుపు తెరిచి మూశాడు. "ఈ తలుపు ఉండాల్సిందే. లేకపోతే కారు లోపలికి నడిపాక మనిషి దిగలేడు."

"గోడకి కొక్కేలు కొట్టుకోవచ్చా?" అని నిశాంత్‌ని అడిగింది శకుంతల.

"కొట్టుకోవచ్చు ఆంటీ. సామాను పెట్టుకోడానికి అరలు కూడా బిగించుకోవచ్చు."

"ఇంకో మనిషి సాయం లేకుండా మన పికప్ ట్రక్కుకి తగిలించుకోగలమా?"

"నా నడుం నొప్పి గురించి అడుగుతోంది" అన్నాడు భీమారావు, కాస్త గర్వంగా.

నిశాంత్ కిందికి వంగి, జాకీ ఎలా తిప్పాలో, గొలుసులు ఎలా తగిలించాలో చూపించాడు. ఆమె అతన్ని పక్కకి జరగమని, తనే రెండుసార్లు చేసి చూసింది.

"ఎవరి పేరు మీద రాయమంటారు?"

"నా పేరు మీదే. కట్టేది నేనే కదా."

ట్రైలర్‌ని పికప్‌కి తగిలించుకుని ఇంటికొచ్చే దారి పొడవునా భీమారావు మాట్లాడుతూనే ఉన్నాడు. బరువు ముందు వైపు ఎక్కువుండాలనీ, వెనక ఎక్కువైతే ట్రైలర్ ఊగిపోతుందనీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది. "బరువంతా ఒక పక్కకే పెట్టకూడదన్నమాట" అంది.

ఆమె ఇంత శ్రద్ధ పెడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. మోరిస్ కొన్న ఏడాది గరాజ్‌లో చోటు చాలలేదు. పక్క గదిలో శకుంతల మగ్గం ఉండేది. ఆమె పుట్టిల్లు చీరాలలో నేతపనివాళ్ళ ఇల్లు. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, సెలవొస్తే ఆ మగ్గం ముందే కూర్చునేది. భీమారావు మధ్య గోడ కొట్టించి ఆ గదిని గరాజ్‌లో కలిపేశాడు. మగ్గాన్ని ముక్కలుగా విప్పించి బేస్‌మెంట్‌లో పెట్టించాడు. "తర్వాత బిగిద్దాంలే" అన్నాడు. ఆరేళ్ళయింది. శకుంతల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ సరదా తీరిపోయిందనుకున్నాడు.

ఆదివారాలు ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో ట్రైలర్‌ని వెనక్కి నడపడం ఆమెకు నేర్పాడు.

"నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పితే అది దానికి ఎదురు వైపు పోతుంది. అద్దంలో చూస్తూ ఉండు. తొందరపడకు."

మూడో ఆదివారానికి ఆమె రెండు గీతల మధ్యకి ఒక్కసారికే తెచ్చి ఆపింది. భీమారావు చప్పట్లు కొట్టాడు. పికప్‌లోకి ఎక్కి ఆమె పక్కన కూర్చుని, "మనం మొదట్నుంచీ ఇట్లా కలిసి ఏదైనా చేసుంటే ఎంత బాగుండేదో" అన్నాడు.

"అవును, బాగుండేది" అంది శకుంతల, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

ఆ శుక్రవారం ఒట్టావా దగ్గర పాత కార్ల విడిభాగాల సంత. స్నేహితుడు వీరభద్రం తన కారులో వెళదామన్నాడు. రెండు రోజుల ప్రయాణం.

"నువ్వూ రారాదూ" అన్నాడు భీమారావు.

"నాకు పనుంది. మీరు వెళ్ళండి."

ఏం పనో అతను అడగలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. బీపీ మాత్రలు సంచిలో పెట్టానని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం వీరభద్రం అతన్ని ఇంటి ముందు దింపి వెళ్ళిపోయాడు. షెవర్లే హెడ్‌లైట్ చుట్టూ ఉండే రింగు దొరికింది, తొమ్మిదేళ్ళుగా వెతుకుతున్నది. అది చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చిన భీమారావు అక్కడే ఆగిపోయాడు. ట్రైలర్ లేదు. పికప్పూ లేదు.

ఆ వీధిలో ఆ ఏడాది అప్పటికే రెండు కార్లు పోయాయి. శకుంతలకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే పోలీసులకు చేశాడు.

"నా కార్లు పోయాయి. నా ట్రైలర్లోనే ఎక్కించుకుని పోయారు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?" అని అడిగింది అవతలి గొంతు.

"నా భార్య. ఫోన్ ఎత్తడం లేదు."

"ఆమె క్షేమంగా ఉన్నారా? లోపలికి వెళ్ళి చూశారా?"

"చూస్తాను. ముందు కార్ల వివరాలు రాసుకోండి. ఒకటి షెవర్లే, 1957."

"సార్, గరాజ్ తెరిచి చూశారా?"

అదీ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. గరాజ్ తలుపు కోడ్ నొక్కాడు. తలుపు నెమ్మదిగా పైకి లేచింది.

రెండు కార్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి వెనక బేస్‌మెంట్ తలుపు తెరిచి ఉంది; కింద మగ్గం ముక్కలుండే చోటు ఖాళీ.