మిగిలిన ఒక్క చుక్క

"సగం సగం వేద్దాం సార్! ఇద్దరు పిల్లలకీ చూసినట్టుంటుంది," అంది టెక్నీషియన్.

"ఉన్నదే ఒక్క చుక్క. దాన్ని పంచితే ఇద్దరిదీ తేలదు, రెంటికీ చెడతాం," అన్నాడు పెద్ద డాక్టరు. "ఒకటో నంబరు పలక మీద వెయ్యి."

"రెండోది..."

"ఒకటోది అన్నాను. మారుమాట్లాడకు."

పక్క బల్ల దగ్గరున్న జూనియర్ డాక్టరు తల ఎత్తి చూసి, మళ్లీ మైక్రోస్కోపులోకి దూరిపోయాడు. పెద్దాయనతో వాదించి గెలిచినవాళ్లు ఆ ల్యాబ్‌లో ఇంకా పుట్టలేదు.

చెయ్యాల్సిన పని చూస్తే గోరంత. ఇద్దరు పసిపిల్లల కాలేయాల నుంచి తీసిన పలుచటి ముక్కలు రెండు గాజు పలకల మీద ఉన్నాయి. ఒంట్లోని కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఒక ప్రొటీన్ ఉండాలి. యాంటీబాడీ చుక్క వేస్తే అది ఆ ప్రొటీన్‌ని వెతికి పట్టుకుంటుంది, ముక్క గోధుమరంగుకి తిరుగుతుంది. రంగు వస్తే ఆ పిల్లకి కాలేయం మార్చి బతికించొచ్చు. రాకపోతే రోగం ఒళ్లంతా పాకినట్టే, కాలేయం మార్చినా బూడిదలో పోసిన పన్నీరే. ఇద్దరికీ సరిపోయే కాలేయం ఒకటి ఆ పొద్దునే దొరికింది. సాయంత్రం దాటితే అది పనికిరాదు. యాంటీబాడీ కొత్త సీసా రావాలంటే పది రోజులు పడుతుంది.

పలకల మీద పేర్లుండవు, నంబర్లే. కానీ నిన్న ముక్క తీసినప్పుడు చీటీ మీద చూసి, "మన చిట్టిది రెండో నంబరే" అని కూతురి సంగతి టెక్నీషియన్ చెవిన వేశాడు ఆమె అన్నయ్య.

"సార్, మీకు దణ్ణం పెడతాను. ఆ రెండోది మా అన్నయ్య..."

"ఈ గదిలో అన్నయ్యలూ మేనకోడళ్లూ ఎవరూ లేరు," అని కసిరాడు పెద్ద డాక్టరు. "ముందొచ్చినవాళ్లది ముందు. నేను ఆపరేషన్ వాళ్లతో మాట్లాడి వస్తాను. ఒకటోది వెయ్యి, గుర్తుంచుకో."

తలుపు ధడాల్న మూసుకుంది. 'రాయి! రాయి కూడా కరుగుతుంది, ఈయన కరగడు' అనుకుందామె కళ్లు తుడుచుకుంటూ.

వరండాలో అన్నయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీద చిట్టి నిద్రపోతోంది. పసుపు పచ్చబడ్డ అరికాళ్లు చొక్కా మీద వేలాడుతున్నాయి.

"మనదేనా ముందు?" అన్నాడు.

"మనదే అన్నయ్యా," అనేసింది. నోరు జారిందో, మనసే అనిపించిందో ఆమెకే తెలీదు.

లోపలికొచ్చేసరికి జూనియర్ టీకి వెళ్లాడు. తప్పని ఆమెకి తెలుసు. ఒకటో నంబరు పిల్లకీ ఒక మేనత్త ఉండే ఉంటుందనీ తెలుసు. అయినా చేతులు ఆగితేగా! రెండో పలక తీసి, ఉన్న ఒక్క చుక్కా దాని మీద వేసేసింది. పొరపాటున పడిందని చెప్పొచ్చు, తిట్లు తినొచ్చు, ఉద్యోగం పోతే పోయింది. చిట్టి బతికితే చాలు.

గంటన్నర తర్వాత కడిగి, రంగు మందు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పలక మూలన, సరిపోల్చుకోవడానికి అంటించిన ఆరోగ్యమైన ముక్క చక్కగా గోధుమరంగు తేలింది. పిల్ల ముక్క మాత్రం తెల్లగా అలాగే ఉండిపోయింది. కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. జూనియర్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఎన్నిసార్లు చూస్తే మాత్రం లేని ప్రొటీన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఫోన్ మోగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు.

"ఏం తేలిందమ్మా?"

"రెండో నంబరు... రంగు రాలేదు."

"ఒకటోది?"

"చెయ్యలేదు. యాంటీబాడీ అయిపోయింది."

"అయితే ఇద్దరికీ లేనట్టే. కాలేయం పక్క ఊరికి పంపేస్తున్నాం, అక్కడో పిల్లాడు కాచుకుని ఉన్నాడు."

వరండాలో అన్నయ్య దగ్గరికి వెళ్లింది. తల అడ్డంగా ఊపింది, అంతే. అతను అరవలేదు, ఏడవలేదు. చిట్టి వీపు నిమిరాడు.

"పోనీలేవే. నువ్వుండబట్టి తెలిసింది," అన్నాడు. "లేకపోతే దీన్ని ఊరికే కోయించేవాణ్ణి. ఇంటికి తీసుకుపోతాను. ఉన్నన్నాళ్లూ వాళ్లమ్మ ఒళ్లో ఉంటుంది."

ఆ నెమ్మదికే ఆమె గుండె చెరువైంది. తిట్టినా బాగుండేది.

ఆమె ల్యాబ్‌లోకి తిరిగొచ్చిన గంటకి వచ్చాడు పెద్ద డాక్టరు, మెట్లు ఎక్కిన ఆయాసంతో. "కింద ఒక పిల్లకి రక్తం ఆగక నన్ను కదలనివ్వలేదు. ఏమైంది? రంగు వచ్చిందా?"

ఆమె పలక అందించింది. ఆయన నంబరు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రెండోదెందుకు వేశావు?"

"తప్పే సార్. కావాలనే వేశాను. ఉద్యోగం తీసెయ్యండి, ఏం చేస్తారో చెయ్యండి. ఇంత పాపం చేసి బావుకున్నదేముంది, మా చిట్టి మాకు దక్కదు."

"కాలేయం ఎక్కడుంది?"

"బండి వెళ్లి గంటైంది సార్."

పెద్ద డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"జూనియర్ ముందు నోరు విప్పలేకపోయానమ్మా," అన్నాడు. "ఆ చుక్క మీ పిల్లకే పడాలని, పొద్దున్నే పలకల మీద పెన్సిల్ నంబర్లు చెరిపి, మీ చిట్టిదాన్ని ఒకటి చేసి పెట్టాను."